కాల్పులు ఆపే చేతులకు చందా: అమెరికాలోని తెలుగువారు ఎవరికి, ఎలా ఇవ్వాలి

అమెరికాలో పెట్రోలు బంకులోనో, మోటెల్ కౌంటర్ దగ్గరో పార్ట్‌టైం పని చేసుకుంటున్న తెలుగు విద్యార్థి కాల్పుల్లో చనిపోయాడన్న కబురు వచ్చిన రాత్రి మనవాళ్ళు ఎంత వేగంగా కదులుతారో మీకు తెలిసే ఉంటుంది. తెల్లవారేసరికి చందాలు పోగవుతాయి. ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) వారి టీమ్ స్క్వేర్ వంటి సహాయ బృందాలు కాన్సులేటుతోనూ, ఫ్యునరల్ హోమ్‌తోనూ మాట్లాడి పార్థివదేహాన్ని ఇంటికి చేర్చే ఏర్పాట్లు చూస్తాయి. ఆ పనికి వంక పెట్టవలసింది ఏమీ లేదు. అయితే ఆ దుకాణం ఉన్న వాడలోనే మరికొందరు తల్లులు, ఎక్కువగా నల్లజాతి, లాటినో తల్లులు, అదే ఫ్యునరల్ హోమ్‌లో బిల్లు ముందు కూర్చుంటారు. తర్వాతి కాల్పులు జరగకుండా చూసేందుకు రాత్రిళ్ళు వీధిలో తిరిగే చిన్న సంఘం ఒకటి అక్కడే వచ్చే నెల జీతాలకు వెతుక్కుంటూ ఉంటుంది. మీ ఊరి తెలుగు సంఘమో, నలుగురైదుగురు స్నేహితుల కుటుంబాలో కలిసి అలాంటి సంఘాలకూ, కుటుంబాలకూ డబ్బు ఇవ్వాలనుకుంటే ఏ పని ముందు చేయాలో, ఏది చేయకూడదో ఈ వ్యాసంలో వివరిస్తాను.

1. ఏ హింస గురించి మాట్లాడుతున్నారో ముందుగా తేల్చుకోండి

2023లో అమెరికాలో తుపాకుల వల్ల 46,728 మంది చనిపోయారు. వారిలో 27,300 మందివి ఆత్మహత్యలు, 17,927 మందివి హత్యలు. ఆత్మహత్యల నివారణకు ఇంట్లో తుపాకీని తాళం వేసి ఉంచడం, మానసిక వైద్యం వంటి దారులు వేరుగా ఉన్నాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతలో శ్రీనివాస్ కూచిభొట్లను బలిగొన్నది జాతి విద్వేషం. ఆ తర్వాత ఆయన భార్య సునయన దుమాల ‘ఫరెవర్ వెల్‌కమ్’ పేరుతో చేపట్టినది విద్వేషానికి ఎదురు నిలిచే పని. ఈ వ్యాసం వీటిలో దేని గురించీ కాదు. నగరంలోని కొన్ని వాడల్లో, చాలావరకు ఒకరినొకరు ఎరిగిన కుర్రాళ్ళ మధ్య, ఒక మాటకో, సోషల్ మీడియాలో పెట్టిన ఒక వీడియోకో, పాత పగకో మొదలై ప్రతీకారాలుగా సాగే కాల్పులను అక్కడ ‘కమ్యూనిటీ వయొలెన్స్’ అంటారు. మీ చందా దీనికోసమని ముందే రాసి పెట్టుకోకపోతే, మూడో సమావేశానికల్లా సగం మంది తుపాకీ చట్టాల మీద వాదులాటలోకి జారిపోతారు.

ఈ హింసకు ఒక లక్షణం ఉంది. నగరం ఎంత పెద్దదైనా, కాల్పులు జరిపేవారూ వాటికి గురయ్యేవారూ ఎక్కువగా ఒక చిన్న వలయంలోనే ఉంటారు. ఆ వలయం నగర జనాభాలో ఒక శాతానికి కూడా చేరదని పలు నగరాల్లో జరిగిన విశ్లేషణల్లో తేలింది. నిన్న గాయపడి ఆసుపత్రిలో చేరినవాడే రేపు తుపాకీ పట్టవచ్చు, ఎల్లుండి శవమై పడనూవచ్చు. రాయలసీమ ఫ్యాక్షన్ పల్లెల గురించి ఎరిగినవారికి ఈ లెక్క అర్థం కావడం కష్టం కాదు: ఒక చావుకు మరో చావు బాకీ పడుతుంది, ఆ బాకీని మధ్యలో ఎవరైనా ఆపితే తప్ప అది దానంతటది తీరదు. మీరు డబ్బు ఇవ్వబోయేది ఆ మధ్యలో నిలబడే మనిషికి.

2. ఎవరు ఏ పని చేస్తారో తెలుసుకోండి

2000 సంవత్సరంలో షికాగోలోని వెస్ట్ గార్ఫీల్డ్ పార్క్ వాడలో అంటువ్యాధుల వైద్యుడు గ్యారీ స్లట్‌కిన్ ఒక పద్ధతిని మొదలుపెట్టారు. ఒకప్పుడు అదే వీధుల్లో తిరిగి, జైలుకు కూడా వెళ్ళివచ్చి, ఇప్పుడు మారి, కుర్రాళ్ళ దగ్గర మాట చెల్లే మనుషులను జీతానికి పెట్టుకుని, గొడవ ముదరకముందే వారిచేత మధ్యవర్తిత్వం చేయించడం ఆ పద్ధతి. తర్వాత దానికి ‘క్యూర్ వయొలెన్స్’ అన్న పేరు స్థిరపడింది. మన ఊళ్ళలో పెద్దమనుషుల పంచాయితీని గుర్తుకు తెచ్చే పనే గానీ, ఇక్కడ పెద్దమనిషికి పొలం, కులం, పలుకుబడి ఏవీ ఉండవు. గతం ఒక్కటే అతని అర్హత. బాల్టిమోర్‌లో 2007లో మొదలైన ‘సేఫ్ స్ట్రీట్స్’ కూడా ఈ దారిదే.

రెండో రకం పని ఆసుపత్రి మంచం దగ్గర జరుగుతుంది. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో ‘యూత్ అలైవ్’ సంస్థ 1994లో ఈ పనిని మొదలుపెట్టింది. దాని వెనుక ఉన్న షెర్మన్ స్పియర్స్ స్వయంగా తుపాకీ గాయంతో నడక కోల్పోయినవారు. తూటా తగిలి పడుకున్న కుర్రాడి దగ్గరకు, వాడి స్నేహితులు ప్రతీకారానికి బయలుదేరేలోపే, అదే బాధ పడ్డ మనిషి వెళ్ళి కూర్చోవాలన్నది ఆయన ఆలోచన. మూడో రకానికి అదే రాష్ట్రంలోని రిచ్‌మండ్ ఉదాహరణ. అక్కడ డెవోన్ బోగన్ నడిపిన నగరపాలక కార్యాలయం అత్యంత ప్రమాదంలో ఉన్న యువకులను ఎంచుకుని, పద్దెనిమిది నెలల పాటు రోజూ వెంట ఉండి, పెట్టుకున్న లక్ష్యాల వైపు నడిచినవారికి నెలకు గరిష్ఠంగా 1,000 డాలర్ల వరకు భత్యం ఇచ్చింది. ‘కాల్పులు జరిపేవాళ్ళకు జీతమా’ అని ఈ పద్ధతిని ఈసడించినవారు చాలామంది ఉన్నారు. మీ సంఘంలోనూ ఒకరు అంటారు, దానికి సిద్ధంగా ఉండండి.

నాలుగో రకం, మనవాళ్ళు తరచుగా గమనించనిది, బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు కట్టిన సంఘాలు. 1993 డిసెంబరులో బోస్టన్‌లో పదిహేనేళ్ళ లూయిస్ బ్రౌన్, ముఠాల హింసకు వ్యతిరేకంగా పనిచేసే పిల్లల బృందం క్రిస్మస్ వేడుకకు వెళ్తూ, ఎవరో ఎవరి మీదో జరిపిన కాల్పుల మధ్యలో చిక్కి చనిపోయాడు. తల్లి క్లెమెంటినా చెరీ మరుసటి ఏడాదే కొడుకు పేరుతో శాంతి సంస్థను స్థాపించారు. హత్య జరిగిన ఇంటికి వెళ్ళి, అంత్యక్రియలు ఎలా జరపాలో, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో పక్కన కూర్చుని చూసుకోవడం ఆ సంస్థ ముఖ్యమైన పని. 1996 నుంచి ఏటా మదర్స్ డే నాడు జరిపే నడకతో నిధులు పోగుచేసుకుంటుంది. ఫిలడెల్ఫియాలో పార్కింగ్ స్థలం దగ్గర రేగిన తగవులో కొడుకును పోగొట్టుకున్న డొరొతీ జాన్సన్ స్పైట్ 2003లో ‘మదర్స్ ఇన్ ఛార్జ్’ను మొదలుపెట్టారు.

ఇవి కాక, స్థలాన్ని బాగుచేసే పని ఒకటుంది. ఫిలడెల్ఫియాలో చెత్త, పొదలు నిండిన 541 ఖాళీ స్థలాల మీద జరిగిన అధ్యయనంలో, శుభ్రం చేసి గడ్డి వేసి చిన్న కంచె కట్టిన చోట, పేదరికం ఎక్కువగా ఉన్న వాడల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గినట్టు 2018లో ప్రచురించారు. చేతి ఖర్చు తక్కువ, కంటికి కనిపించే ఫలితం, తెలుగు కుటుంబాలు శనివారం వెళ్ళి చేయి వేయగలిగిన పని. మొదటి ఏడాదికి దీనితో మొదలుపెట్టినా తప్పులేదు.

3. సంఘాన్ని వెతికే తీరు

వెబ్‌సైటు చక్కగా ఉన్న సంఘం మీకు ముందు దొరుకుతుంది. రాత్రి రెండు గంటలకు ఫోను ఎత్తే సంఘం అంత సులువుగా దొరకదు. అందుకని, మీ నగరం ప్రచురించే కాల్పుల పటాన్ని చూసి (షికాగో, ఫిలడెల్ఫియా వంటి నగరాలు ఈ వివరాలను అందరికీ అందుబాటులో ఉంచుతాయి) రెండు మూడు వాడలను గుర్తించండి. ఆ తర్వాత ఆ వాడకు దగ్గరలో తీవ్ర గాయాలకు చికిత్స చేసే ట్రామా ఆసుపత్రి సోషల్ వర్కర్‌నూ, ఫ్యునరల్ హోమ్ నడిపే వ్యక్తినీ, హైస్కూలు కౌన్సెలర్‌నూ, చర్చి పాస్టర్‌నూ విడివిడిగా కలిసి ఒకే ప్రశ్న అడగండి: ‘కాల్పులు జరిగిన రాత్రి ముందుగా వచ్చేది ఎవరు?’ వేరువేరు నోళ్ళ నుంచి ఒకే పేరు మూడుసార్లు వినిపిస్తే, ఆ గుమ్మం తట్టండి. మన తెలుగువారు నడిపే దుకాణాలూ, మోటెళ్ళూ అదే వాడలో ఉంటే ఆ యజమానులను కూడా అడగవచ్చు. ఎవరి మాటకు కుర్రాళ్ళు దుకాణం ముందు నుంచి కదులుతారో వారికి బాగా తెలుసు.

4. కాగితాలు చూడండి, కాగితాలే చూడకండి

పన్ను మినహాయింపు కావాలంటే మీరు ఇచ్చే సంస్థకు 501(సి)(3) గుర్తింపు, అంటే లాభాపేక్ష లేని దాతృత్వ సంస్థగా పన్నుల శాఖ ఇచ్చే హోదా, ఉండాలి. ఆ శాఖ, అంటే ఐఆర్‌ఎస్ వారి వెబ్‌సైటులో సంస్థ పేరుతోనో, దాని పన్ను గుర్తింపు సంఖ్యతోనో వెతికితే ఆ గుర్తింపు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఏటా దాఖలు చేసే ఫారం 990 కూడా దొరుకుతుంది, కానీ ఏటా 50,000 డాలర్లకు మించని రాబడి ఉన్న సంఘాలు 990-ఎన్ అనే చిన్న ఎలక్ట్రానిక్ పత్రం మాత్రమే ఇస్తాయి గనుక అందులో జమాఖర్చులు వెతికితే ఏమీ కనిపించవు. అంతమాత్రాన అనుమానించకుండా బ్యాంకు స్టేట్‌మెంట్లూ, గత ఏడాది పద్దుల పుస్తకమూ మర్యాదగా అడగండి.

అసలు గుర్తింపే లేని సంఘాలు కూడా ఉంటాయి. ఇద్దరు తల్లులూ, జైలు నుంచి వచ్చిన ఒక మనిషీ కలిసి నడుపుతున్న పనికి న్యాయవాది, అకౌంటెంటు ఎక్కడి నుంచి వస్తారు? అలాంటప్పుడు గుర్తింపు ఉన్న మరో సంస్థ వారి తరఫున డబ్బు తీసుకుని, లెక్కలు రాసి, ఖర్చుకు బాధ్యత వహిస్తుంది. దీన్ని ఫిస్కల్ స్పాన్సర్‌షిప్ అంటారు. ఆ సంస్థ తన సేవకు సాధారణంగా 5 నుంచి 10 శాతం దాకా తీసుకుంటుంది. ఆ రుసుమును సంఘం వాటా నుంచి కోయకుండా మీరే అదనంగా ఇవ్వండి.

మరొక జాగ్రత్త. 501(సి)(3) సంస్థ ఎన్నికల్లో ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. నగర కౌన్సిల్‌కు పోటీ చేస్తున్న మనవాడొకరు చెక్కు ఇచ్చే ఫొటోలో నిలబడతానంటే, ఎంత దగ్గరివాడైనా వద్దనండి.

5. మొదటి సమావేశంలో ఎలా మెలగాలి

మీరే వారి దగ్గరకు వెళ్ళండి, వారికి వీలైన వేళకు. రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషిని ఉదయం తొమ్మిదింటికి మీ ఇంటికి రమ్మనకండి. ముగ్గురికి మించి వెళ్ళవద్దు. ‘మీ పని గురించి చెప్పండి’ అన్న తర్వాత నిజంగానే వినండి. ఐటీ ప్రాజెక్టులు నడిపే అలవాటు మనలో చాలామందికి ఉండటం వల్ల పది నిమిషాలకే యాప్ చేసిపెడతామన్న మాట నోటికి వస్తుంది, దాన్ని కొన్ని నెలల పాటు మింగేయండి.

అడగకూడని ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఏ ముఠాకూ ఏ ముఠాకూ పడటం లేదు, ఎవరి దగ్గర తుపాకులున్నాయి, నిన్నటి కాల్పులు ఎవరి పని వంటివి అడగనే అడగకండి. పోలీసులకు సమాచారం చేరవేసే మనిషన్న అనుమానం ఒక్కసారి పడితే ఆ మధ్యవర్తి మాటకు వీధిలో విలువ పోతుంది, కొన్నిసార్లు ప్రాణమే పోతుంది. ఈ పనిలో ఉన్నవారికి ప్రమాదం ఊహాజనితం కాదు: బాల్టిమోర్ సేఫ్ స్ట్రీట్స్‌లో అందరికీ ఎరుకైన డాంటే బార్క్స్‌డేల్ 2021 జనవరిలో కాల్పుల్లోనే చనిపోయారు. కుర్రాళ్ళ ఫొటోలు, పేర్లు మీ న్యూస్‌లెటర్ కోసం అడగడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

అడగవలసినవి మామూలు ప్రశ్నలు. మీ దగ్గర ఎందరు పనిచేస్తున్నారు, వారిలో ఎందరికి ఆరోగ్య బీమా ఉంది, గత ఏడాది ఎందరు మానేశారు, ఎందుకు మానేశారు, బ్యాంకులో ఇప్పుడున్న డబ్బు ఎన్ని వారాల జీతాలకు సరిపోతుంది? ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబే మీరు చేయవలసిన పని ఏమిటో చెబుతుంది.

6. ఎలాంటి డబ్బు ఇవ్వాలి

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. స్కూలు బ్యాగుల పంపిణీ, టీషర్టులు, బాస్కెట్‌బాల్ పోటీ, బ్యానరు మీద మన సంఘం పేరు — ఇవి ఫొటోకు బాగుంటాయి, వీటికి దాతలు సులువుగా దొరుకుతారు. దొరకనిది జీతం. ఈ పని అంతా మనుషుల మీద, వాళ్ళ మీద వీధికి ఉన్న నమ్మకం మీద నిలబడి ఉంటుంది. ఆ నమ్మకం కూడబెట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది, జీతం ఆగిన రెండు నెలలకే ఆ మనిషి గోడౌన్ ఉద్యోగానికి వెళ్ళిపోతాడు. అందుకని మీ చందాను ఏ పద్దుకూ కట్టివేయకుండా, సంఘం తన అవసరం కొద్దీ వాడుకునేలా ఇవ్వండి. కనీసం మూడేళ్ళకు మాట ఇవ్వండి. ఒకే ఏడాది 30,000 డాలర్లు ఇచ్చి చేతులు దులుపుకోవడం కన్నా, ఏడాదికి 10,000 చొప్పున మూడేళ్ళు ఇస్తామని సంతకం చేసిన ఉత్తరం ఆ సంఘానికి ఎక్కువ పనికివస్తుంది; ఆ ఉత్తరాన్ని చూపించి వాళ్ళు మరొక దాతను అడగగలుగుతారు.

ప్రభుత్వ డబ్బు రావడం లేదా అని మీ సభ్యులు అడుగుతారు. వస్తుంది, కానీ ఎలా వస్తుందో తెలిస్తే మీ పాత్ర స్పష్టమవుతుంది. 2022 జూన్‌లో వచ్చిన ‘బైపార్టిజన్ సేఫర్ కమ్యూనిటీస్’ చట్టం ఈ రకమైన పనికి అయిదేళ్ళలో 25 కోట్ల డాలర్లు కేటాయించింది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర న్యాయశాఖ వందలాది గ్రాంట్లను, అన్నీ కలిపి 80 కోట్ల డాలర్లకు పైబడిన విలువ గలవాటిని, నడుస్తుండగానే రద్దు చేసింది. కాల్పుల నివారణ సంఘాలకు ఇచ్చినవి కూడా వాటిలో ఉన్నాయి. రాష్ట్రాలు తమ దారులు తాము వెతుక్కుంటున్నాయి: కాలిఫోర్నియా 2024 జూలై నుంచి తుపాకులు, తూటాల అమ్మకాల మీద 11 శాతం పన్ను వేసి ఆ రాబడిని ఈ పనికి మళ్ళిస్తోంది, కనెక్టికట్, ఇల్లినాయ్ రాష్ట్రాలు 2021లోనే ఆసుపత్రి మంచం దగ్గర జరిగే పనికి పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ నుంచి చెల్లించేలా చట్టాలు చేశాయి.

అయితే ప్రభుత్వ గ్రాంటు చాలాసార్లు ముందు ఖర్చు పెట్టి తర్వాత బిల్లు పెట్టుకునే పద్ధతిలో ఉంటుంది. పెద్ద సంస్థకు అది ఇబ్బంది కాదు. నెలకు ముగ్గురికి జీతాలిచ్చే సంఘానికి, చేతికి రావలసిన డబ్బు మూడు నాలుగు నెలలు ఆలస్యమైతే, గ్రాంటు వచ్చినా పూట గడవదు. పైగా చాలా నగరాలు, రాష్ట్రాల ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది గనుక కొత్త ఒప్పందాల కాగితాలు సరిగ్గా ఎండాకాలంలో, అంటే కాల్పులు ఏడాదిలో కెల్లా ఎక్కువగా ఉండే నెలల్లో, బల్లల మీద నిలిచిపోతాయి. మీ తెలుగు సంఘం ఇక్కడ చేయగలిగిన మేలు మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే: చేబదులు. వడ్డీ లేకుండా, గ్రాంటు డబ్బు రాగానే తిరిగి ఇచ్చే ఏర్పాటుతో, మూడు నెలల జీతాలకు సరిపడా సొమ్మును పక్కన పెట్టి ఉంచండి. మీలో ఎవరికైనా డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ (దానాల కోసమని ముందే సొమ్ము జమచేసి, ఎవరికి ఇవ్వాలో తర్వాత సూచించే ఖాతా) ఉంటే, తిరిగి వచ్చే గ్రాంటు ఇవ్వడానికి దాని నిర్వాహకులు ఒప్పుకుంటారేమో అడగండి. ఒకే సొమ్ము ఏటేటా మళ్ళీ మళ్ళీ ఉపయోగపడుతుంది. తిరిగి రాకపోతే ఏమిటన్న ప్రశ్నకు నా జవాబు, దాన్ని ముందే చందా కింద రాసుకోగలిగినంతే ఇవ్వమని.

ఈ కాలక్రమాన్ని బట్టి మీ నిర్ణయాలు మార్చి లోపల ముగించి, ఏప్రిల్‌లో చెక్కు చేతికి అందేలా చూసుకోండి. మే చివర మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదట్లో లేబర్ డే దాకా వాళ్ళకు మీ ఫారాలు నింపే తీరిక ఉండదు. దరఖాస్తు రెండు పేజీలకు మించకూడదు. వాళ్ళు వేరొక దాత కోసం రాసి పెట్టుకున్నది ఉంటే అదే తీసుకోండి.

మన ఉద్యోగాల వల్ల మనకున్న అదనపు బలం కంపెనీల మ్యాచింగ్. పెద్ద టెక్ కంపెనీలు, బ్యాంకులు చాలావరకు ఉద్యోగి ఇచ్చిన చందాకు సమానంగా తామూ ఇస్తాయి, కొన్ని స్వచ్ఛందంగా పనిచేసిన గంటలకు కూడా లెక్కకట్టి ఇస్తాయి. అందుకు ఆ సంఘం కంపెనీ పోర్టల్‌లో నమోదై ఉండాలి. ఆ నమోదును మీలో ఒకరు కూర్చుని పూర్తి చేయించి పెడితే, అది మీరు కట్టివ్వగల ఏ యాప్ కన్నా విలువైన సేవ. 250 డాలర్లు, అంతకు పైబడిన ప్రతి చందాకూ సంఘం నుంచి రాతపూర్వకమైన రసీదు ఉంటేనే పన్ను మినహాయింపు చెల్లుతుంది గనుక ఆ రసీదు నమూనా కూడా తయారుచేసి ఇవ్వండి.

7. కుటుంబాలకు ఇచ్చేటప్పుడు

బిడ్డ చనిపోయిన ఇంటికి మొదటి వారంలో అవసరమయ్యే డబ్బు వేరు, ఆరో నెలలో అవసరమయ్యే డబ్బు వేరు. మొదటి వారంలో అంత్యక్రియలు: సమాధితో కూడిన అంత్యక్రియలకు 2023లో మధ్యస్థ ఖర్చు 8,300 డాలర్లని ఫ్యునరల్ డైరెక్టర్ల జాతీయ సంఘం లెక్క. నేరబాధితుల పరిహార నిధి ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. 1984 నాటి కేంద్ర చట్టం దానికి ఆసరా. అయితే అది అన్ని దారులూ అయ్యాక చివరగా చెల్లించే నిధి. దరఖాస్తు, పోలీసు నివేదిక, రసీదులు, నెలల నిరీక్షణ ఉంటాయి. చనిపోయిన వ్యక్తి తప్పు కూడా ఉందంటూ తిరస్కరించే నిబంధనలు కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి. గడువులు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. కాబట్టి మీరు ఆ ఇంటికి చేయగల మొదటి సాయం, ఆ దరఖాస్తును నింపించే అనుభవం ఉన్న తల్లుల సంఘానికి ఒక మనిషి జీతం ఇవ్వడం. చదువుకున్న మీరూ నేనూ ఆ ఇంటి సోఫాలో కూర్చుని ఫారం నింపడం కన్నా, తన బిడ్డకోసం అదే ఫారం నింపిన తల్లి వచ్చి కూర్చోవడం ఎంతో మేలు.

నేరుగా ఇంటికి డబ్బు ఇవ్వాలనుకుంటే మూడు విషయాలు గమనించండి. ఒకటి, ఒక వ్యక్తికో కుటుంబానికో ఇచ్చినది పన్ను లెక్కల్లో దానం కాదు, బహుమతి. 2025లో ఒకరి నుంచి ఒకరికి 19,000 డాలర్ల దాకా గిఫ్ట్ టాక్స్ పత్రం దాఖలు చేయవలసిన పనిలేదు గానీ మినహాయింపు మాత్రం రాదు. రెండు, మీ సంఘానికి 501(సి)(3) గుర్తింపు ఉన్నా, ‘ఈ డబ్బు ఫలానా ఇంటికే’ అని దాత షరతు పెడితే దానికి కూడా మినహాయింపు వర్తించదు. ఎవరికి ఎంత ఇవ్వాలన్నది సంఘం ముందే రాసుకున్న నియమాల ప్రకారం నిర్ణయించి, రికార్డు ఉంచాలి. మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ ఇంట్లో ఎవరైనా ఎస్‌ఎస్‌ఐ (పేదలైన వృద్ధులకు, వికలాంగులకు నెలనెలా ఇచ్చే భత్యం) వంటి ప్రభుత్వ సాయం పొందుతుంటే, ఖాతాలో పెద్ద మొత్తం పడటంతోనే ఆ సాయం ఆగిపోవచ్చు. ఎస్‌ఎస్‌ఐలో ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన ఆస్తి పరిమితి 2,000 డాలర్లే. అంత్యక్రియల కోసమని పోగుచేసిన చందాను చూపి కొన్ని రాష్ట్రాల్లో పరిహారంలో కోత పెట్టే అవకాశమూ ఉంది. అందుకని డబ్బు పంపేముందు ఆ రాష్ట్రంలోని బాధితుల సహాయకులను అడిగి, వీలున్నచోట ఫ్యునరల్ హోమ్‌కు నేరుగా చెల్లించండి.

మొదటి వారం దాటాక జనం పలచబడతారు. అద్దె బాకీ, పని మానేసిన తల్లి, బడికి వెళ్ళనంటున్న చిన్నవాడు, నిందితుడి బంధువులు అదే వీధిలో ఉండటం వల్ల ఇల్లు మారవలసిన అవసరం, ఏడాది తర్వాత కోర్టు విచారణ రోజుల్లో జీతం కోత: ఇవన్నీ అప్పుడు మొదలవుతాయి. ఇల్లు మార్చే ఖర్చును మీ నిధిలో ప్రత్యేకంగా ఉంచండి. చాలాసార్లు తర్వాతి కాల్పులను ఆపేది ఆ ఖర్చే. చనిపోయినవాడి తమ్ముడిని కూడా మర్చిపోకండి, పగ తీర్చుకోమని వీధి అడిగేది వాడినే.

బాధితులు తెలుగు కుటుంబమైతే ఒక మాట అదనంగా. హత్య, తీవ్రమైన దాడి వంటి నేరాల్లో దర్యాప్తుకు సహకరించిన విదేశీ బాధితులను అమెరికాలో ఉండనిచ్చే యు వీసా అనే ఏర్పాటు 2000 సంవత్సరం నుంచి ఉంది, కొన్ని సందర్భాల్లో దగ్గరి బంధువులకూ వర్తిస్తుంది. హెచ్1బి మీద ఆధారపడిన భార్య పరిస్థితి భర్త మరణంతో తలకిందులవుతుంది గనుక, చందాల పేజీ తెరిచిన రోజే ఇమిగ్రేషన్ న్యాయవాదిని కూడా కలపండి.

8. ఫలితం ఎలా అడగాలి

‘మా డబ్బుతో ఎన్ని హత్యలు ఆగాయి?’ అన్న ప్రశ్నకు నిజాయితీగల సంఘం ఏదీ జవాబు చెప్పలేదు. నాలుగు వీధుల్లో ఏడాదికి ఏడు కాల్పులు నాలుగైతే అది పని ఫలితమో, యాదృచ్ఛికమో చెప్పడానికి ఆ అంకెలు చాలవు. దేశమంతటా హత్యలు తగ్గిన 2023, 2024 వంటి ఏళ్ళలో అందరూ విజయం తమదేనంటారు. క్యూర్ వయొలెన్స్ పద్ధతి మీద జరిగిన అధ్యయనాలే కొన్ని చోట్ల తగ్గుదలను, మరికొన్ని చోట్ల ఏ మార్పూ లేకపోవడాన్ని చూపించాయి. షికాగోలో ‘రెడీ’ కార్యక్రమం కింద ఉద్యోగం, కౌన్సెలింగ్ కలిపి ఇచ్చి, 2,456 మంది పురుషులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పరిశీలించినప్పుడు, తీవ్ర హింసను అన్ని రకాలుగా కలిపి చూసిన కొలతలో స్పష్టమైన తేడా కనిపించలేదు. కాల్పులు, హత్యల కేసుల్లో అరెస్టులు మాత్రం బాగా తగ్గాయి. వీధి కార్యకర్తలు స్వయంగా ఎంపిక చేసి పంపినవారిలో ఫలితం మరింత మెరుగ్గా ఉంది. ఎవరు ప్రమాదంలో ఉన్నారో ఆ వీధి మనిషి చూపుకు తెలుస్తుందని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

కాబట్టి ఏడాదికి రెండుసార్లు, ఫోనులో, ఒక గంట మాట్లాడండి. ఎన్ని తగవుల్లో మధ్యవర్తిత్వం జరిగింది, ఎందరు కార్యకర్తలు పనిలో నిలిచారు, ఎన్ని కుటుంబాల పరిహార దరఖాస్తులు మంజూరయ్యాయి, ఏ ప్రయత్నం బెడిసికొట్టింది అని అడిగి, మీరే రాసుకోండి. బెడిసికొట్టిన సంగతి చెప్పినందుకు డబ్బు ఆపబోమని ముందుగానే చెప్పి ఉంటేనే ఆఖరి ప్రశ్నకు జవాబు వస్తుంది.

9. ఎదురుదెబ్బ తగిలినప్పుడు, తప్పుకునేటప్పుడు

మీరు సాయపడుతున్న సంఘంలో పనిచేసే ఒక మనిషి ఏదో ఒక రోజు అరెస్టు కావచ్చు. గతం ఉన్నవారిని ఆ గతం కోసమే ఎంచుకున్న పని ఇది. ఆ వార్త చూసి మర్నాడే చెక్కు ఆపేయకుండా, సంఘం ఏ చర్య తీసుకుందో అడిగి, మీ సభ్యులకు ఏం చెప్పాలో వారితో కలిసి నిర్ణయించుకోండి. డబ్బు లెక్క తేడా వస్తే మాత్రం మొహమాటపడవద్దు. రాతపూర్వకంగా వివరణ అడగండి, వచ్చేదాకా తర్వాతి వాయిదా నిలపండి.

కార్యకర్తలు కూడా రాత్రుళ్ళు శవాలను చూసి ఇళ్ళకు వెళ్ళే మనుషులే. వాళ్ళకు కౌన్సెలింగ్‌కూ, జీతంతో కూడిన రెండు వారాల సెలవుకూ ఏటా కొంత సొమ్మును మీ చందాకు అదనంగా పంపండి, దానికి వేరే నివేదిక అడగకండి.

మీ సంఘం కార్యవర్గం మారి, కొత్తవారికి వేరే పని మీద మనసు పోవడం సహజం. అప్పుడు పన్నెండు నెలల ముందు ఉత్తరం రాయండి, చివరి ఏడాది చందాను ఏప్రిల్‌లోనే మొత్తంగా ఇచ్చేయండి, మీకు తెలిసిన మరో ఇద్దరు దాతలను ఆ వాడకు తీసుకువెళ్ళి పరిచయం చేయండి. చేబదులు నిధిని మాత్రం వెనక్కి తీసుకోకుండా ఆ సంఘం ఖాతాలోనే వదిలిపెట్టి రండి.